గోళీలు, కార్బన్ కాగితంతో ద్రవ్యవేగ నిత్యత్వాన్ని ఇంట్లోనే సరిచూడటం ఎలా?

“సార్, క్యారమ్ బోర్డు మీద ఒక కాయిన్‌తో ఇంకో కాయిన్‌ను కొట్టి, రెండూ ఎంత దూరం పోయాయో కొలిచాం. కూడితే లెక్క కుదరలేదు. నియమం తప్పా, మా కొలతలు తప్పా?” తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలు, ప్రాజెక్టు చేయించే తల్లిదండ్రులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. నియమం తప్పు కాదు. చాలాసార్లు కొలతలూ తప్పు కావు. తప్పంతా కూడికలో ఉంటుంది. ద్రవ్యవేగానికి దిశ ఉంది. ఒకటి కుడివైపు ఏటవాలుగా, ఇంకొకటి ఎడమవైపు ఏటవాలుగా పోతుంటే ఆ రెండు అంకెలను కిరాణా కొట్టు పద్దులా కూడకూడదు. వాటిని బాణాలుగా గీసి కలపాలి.

ఆ బాణాలను మీ చేతులతో మీరే గీసుకునే ప్రయోగాన్ని ఇక్కడ చెబుతున్నాను. గడియారం అక్కరలేదు, లాబ్ అక్కరలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

సిద్ధాంతం రెండు ముక్కల్లో. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం, దిశతో సహా. రెండు వస్తువులు ఢీకొన్నప్పుడు బయటి నుంచి ఇంకేదీ వాటిని నెట్టకపోతే, ఢీకొనక ముందున్న మొత్తం ద్రవ్యవేగం తరువాత కూడా అంతే ఉంటుంది. మరి గడియారం లేకుండా వేగం ఎలా తెలుస్తుంది? బల్ల అంచు నుంచి అడ్డంగా బయలుదేరిన గోళీ నెమ్మదిగా పోయినా, వేగంగా పోయినా, నేలను తాకడానికి పట్టే సమయం ఒక్కటే. 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి అయితే సుమారు 0.39 సెకను. సమయం అందరికీ ఒకటే కాబట్టి, రెట్టింపు వేగంతో బయలుదేరినది రెట్టింపు దూరంలో పడుతుంది. అంటే నేల మీద కొలిచిన దూరమే వేగానికి కొలత. “గురుత్వాకర్షణ బయటి బలం కాదా?” అని అడిగేవారు ఉంటారు. అది కిందికి మాత్రమే లాగుతుంది. మనం లెక్కలోకి తీసుకునేది నేలకు సమాంతరంగా ఉన్న చలనం. దాని జోలికి గురుత్వాకర్షణ రాదు.

కావలసినవి

- ఒకే సైజు గాజు గోళీలు రెండు. 16 మిల్లీమీటర్లవి దుకాణాల్లో సులువుగా దొరుకుతాయి. ఐదింటిని వరసగా పేర్చి కొలిస్తే 8 సెంటీమీటర్లు రావాలి. గాజు పలక మీద దొర్లించి చూసి, వంకర్లు పోకుండా తిన్నగా దొర్లేవాటిని ఎంచుకోండి.
- నిలువునా సగానికి చీల్చిన ముప్పావు అంగుళం లేదా అంగుళం కరెంటు పైపు, 60 సెంటీమీటర్ల ముక్క. ఎలక్ట్రీషియన్‌ను అడిగితే హాక్సా బ్లేడుతో చీల్చి ఇస్తారు. కోసిన అంచులను గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే వేళ్లు తెగుతాయి.
- ఒక ఐస్‌క్రీమ్ పుల్ల, అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్, జిగురు, టేపు.
- డ్రాయింగ్ చార్టు ఒకటి, కార్బన్ కాగితాలు నాలుగు.
- దారం, దానికి కట్టడానికి ఒక ఇనుప నట్టు.
- స్కేలు, కోణమాని, వృత్తలేఖిని, మూలమట్టాలు.
- 0.1 గ్రాము వరకు చూపే త్రాసు. ఇంట్లో లేకపోతే తెలిసిన నగల దుకాణంలో తూయించుకోండి. రెండు గోళీల మధ్య తేడా 0.2 గ్రాము దాటితే జత మార్చండి.

కార్బన్ కాగితం దొరకకపోతే చార్టు మీద ముగ్గుపిండి పలచగా చల్లవచ్చు. కానీ ప్రతి దెబ్బకూ గుర్తు పెట్టుకుని మళ్లీ చల్లాలి. ఓపిక కావాలి.

చిన్నపిల్లలున్న ఇంట్లో గోళీలను లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి దాచండి. ముసలివారు నడిచే దారిలో ఈ ప్రయోగం పెట్టకండి. నేల మీద ఒక్క గోళీ మిగిలినా కాలు జారుతుంది.

చేసే పద్ధతి

1. పైపు ముక్క ఒక చివరను పుస్తకాల దొంతర మీద 12 సెంటీమీటర్ల ఎత్తున ఆనించండి. రెండో చివర బల్ల అంచుతో సమానంగా రావాలి. ఈ చివరి 12 సెంటీమీటర్ల భాగాన్ని బల్లకు ఒత్తి టేపు వేయండి. చీల్చిన పైపు ఆ మాత్రం వంగుతుంది. ఇప్పుడు ఆ చదును భాగంలో గోళీని పెట్టి వదలండి. అది ముందుకూ దొర్లకూడదు, వెనక్కూ దొర్లకూడదు. దొర్లితే బల్ల కాళ్ల కింద అట్టముక్కలు పెట్టి సరిచేయండి. ఇది సరిగా రాకుండా తరువాతి మెట్టుకు వెళ్లకండి. గోళీ కాస్త పైకో కిందికో చూస్తూ బయలుదేరితే అది గాలిలో ఉండే సమయం మారిపోతుంది. అప్పుడు దూరమే వేగం అన్న మన ఆధారమే పోతుంది.

2. బల్ల మీది నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున పైపు లోపల పెన్నుతో గీత గీయండి. గోళీని ప్రతిసారీ ఈ గీత దగ్గరి నుంచే వదలాలి. వేలితో పట్టుకుని వదిలితే తెలియకుండానే కాస్త తోస్తాం. గోళీకి ముందు స్కేలు అడ్డం పెట్టి, స్కేలును చటుక్కున పైకి ఎత్తండి.

3. నట్టు కట్టిన దారాన్ని పైపు నోటి మధ్య నుంచి వేలాడదీయండి. నట్టు నేలను దాదాపు తాకేలా ఉండాలి. కింద చార్టు పరిచి నాలుగు మూలలా టేపు వేయండి. నట్టు ఊగడం ఆగాక దాని కింద చుక్క పెట్టి “ప” అని రాయండి. ఇక చార్టు గానీ బల్ల గానీ కదిలితే మొదటికి వచ్చినట్టే. ఫ్యాను ఆపేయండి.

4. ముందు ఒక్క గోళీనే వదలండి. అది ఎక్కడ పడుతుందో చూసి, అక్కడ కార్బన్ కాగితాన్ని సిరా వైపు కిందికి ఉండేలా పరవండి. కార్బన్‌కు టేపు వేయనక్కరలేదు. పదిసార్లు వదలండి. పది చుక్కలూ ఒక రూపాయి బిళ్ల కింద పట్టేటంత దగ్గరగా పడాలి. ఒకటి రెండు పక్కకు పోతే ఫరవాలేదు. గుంపు మధ్యలో చుక్క పెట్టి “గ” అని రాసి, ప నుంచి గ వరకు గీత గీయండి. ఇదే ఢీకొనక ముందు బాణం.

ఇక్కడ చాలామంది ఆగిపోయి ఉత్తరం రాస్తారు. “శక్తి నిత్యత్వంతో లెక్కవేస్తే 10 సెంటీమీటర్ల ఎత్తుకు గోళీ 55 సెంటీమీటర్ల దూరంలో పడాలి. మాకు 45 దగ్గరే పడుతోంది.” మీ ప్రయోగం బాగానే ఉంది. గోళీ జారడం లేదు, దొర్లుతోంది. తన చుట్టూ తాను తిరగడానికి శక్తిలో ఏడింట రెండు వంతులు పోతుంది. అందుకని ఎక్కువలో ఎక్కువ 46 సెంటీమీటర్ల చిల్లర వస్తుంది. పైపులో రాపిడి వల్ల ఇంకాస్త తగ్గుతుంది. మన పనికి ఎంత వచ్చిందన్నది ముఖ్యం కాదు, ప్రతిసారీ అంతే రావడం ముఖ్యం.

5. ఇప్పుడు రెండో గోళీకి ఆసనం. రీఫిల్ గొట్టంలో సిరా లేని కొస నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క కోసి, ఐస్‌క్రీమ్ పుల్ల కొసన నిలబెట్టి జిగురుతో అతికించండి. పుల్లను పైపు కింది నుంచి బయటికి పొడుచుకు వచ్చేలా టేపు వేయండి. రీఫిల్ ముక్క పైపు నోటి నుంచి సుమారు రెండు సెంటీమీటర్లు ముందుకు, ఒక సెంటీమీటరు పక్కకు ఉండాలి. గోళీని దాని మీద కూర్చోబెట్టండి. పైపు చివర ఇంకో గోళీ పెట్టి, కళ్లు గోళీల ఎత్తుకు వచ్చేలా వంగి చూడండి. రెండు గోళీల తలలూ ఒకే మట్టంలో ఉండాలి. ఎత్తు తగ్గితే పుల్ల కింద కాగితం మడతలు పెట్టండి.

పక్కకు ఎందుకంటే, ఎదురుగా పెడితే కొట్టిన గోళీ దాదాపు ఆగిపోయి ఆ పుల్ల మీదే పడుతుంది. రెండు సెంటీమీటర్లు ముందుకు ఎందుకంటే, కొట్టే గోళీ పైపు గోడలను పూర్తిగా దాటాకే దెబ్బ తగలాలి. పైపులో ఉండగానే తగిలితే అది పక్కకు తిరగబోయి పైపు గోడను తాకుతుంది. అప్పుడు పైపు కూడా ఆటలోకి దిగినట్టు. బయటి బలం వచ్చేసింది.

6. దారాన్ని రీఫిల్ ముక్క దగ్గర నుంచి వేలాడదీసి, కింద చుక్క పెట్టి “న” అని రాయండి. నిలిచి ఉన్న గోళీ బయలుదేరే చోటు ఇది. తరువాత దారం తీసేయండి.

7. కొట్టే గోళీ ఎక్కడుండగా దెబ్బ తగిలిందో కూడా కావాలి. వృత్తలేఖిని ముల్లును న మీద గుచ్చి, 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో చాపం గీయండి. రెండు గోళీలు తాకినప్పుడు వాటి కేంద్రాల మధ్య దూరం అంతే కదా. ఆ చాపం ప–గ గీతను రెండు చోట్ల ఖండిస్తుంది. ప వైపున్న బిందువును తీసుకుని “క” అని రాయండి. ఈ మెట్టు వదిలేసి రెండు దూరాలనూ ప నుంచే కొలిచేవారు ఎక్కువ. అలా చేస్తే రెండో గోళీ దూరంలో రెండు సెంటీమీటర్ల దొంగ దూరం చేరిపోతుంది, కోణమూ చెడుతుంది.

8. రెండో గోళీని కూర్చోబెట్టి, మొదటిదాన్ని గీత దగ్గరి నుంచి వదలండి. రెండూ చెరోవైపు పడతాయి. రెండు చోట్లా కార్బన్ పరిచి మొదలుపెట్టండి. ప్రతి దెబ్బ తరువాత కార్బన్ ఎత్తి, పడ్డ జత చుక్కల పక్కన ఒకే అంకె వేయండి. మొదటి దెబ్బకు రెండు చోట్లా 1, రెండో దెబ్బకు రెండు చోట్లా 2. ఇలా పదిసార్లు.

అంకెలు వేయడం బద్ధకించకండి. ఈ చుక్కలు ముందటిలా రూపాయి బిళ్లంత చోట పడవు, మూడు నాలుగు సెంటీమీటర్లు చెదురుతాయి. దెబ్బ తగిలే చోటు అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే దిశ రెండు డిగ్రీలకు పైగా మారుతుంది, నేల దాకా వచ్చేసరికి ఒక సెంటీమీటరుకు మించి తేడా అవుతుంది. చెదిరినా ఏ జతకు ఆ జత లెక్క సరిపోతుంది. నాలుగో దెబ్బలో ఒకటి కాస్త ఎడమకు జరిగిందంటే దాని జోడీ కుడికి జరిగి ఉంటుంది. చార్టు మీద ఇది మొదటిసారి గమనించిన పిల్లల ముఖాలు చూడాలి. నాకైతే లెక్క సరిపోవడం కన్నా ఇదే ఎక్కువ ఇష్టం.

9. ఒక జతను తీసుకోండి. క నుంచి కొట్టిన గోళీ చుక్క దాకా ఒక బాణం, న నుంచి రెండో గోళీ చుక్క దాకా ఇంకో బాణం గీయండి. గోళీల బరువులు సమానమైతే పొడవులను అలాగే వాడవచ్చు. సమానం కాకపోతే ప్రతి బాణం పొడవునూ దాని గోళీ ద్రవ్యరాశితో గుణించి, అనువైన స్కేలులో వేరే కాగితం మీద గీయండి.

10. ఇప్పుడు కూడిక. మూలమట్టాలను ఒకదాని అంచున ఇంకొకటి జరుపుతూ, రెండో బాణాన్ని దానికి సమాంతరంగా తెచ్చి, మొదటి బాణం మొన దగ్గర దాని తోక వచ్చేలా గీయండి. మొదటిదాని తోక నుంచి రెండోదాని మొన దాకా ఒక గీత. దాన్ని ప–గ బాణంతో పోల్చండి. పొడవూ, దిశా రెండూ సరిపోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ముందు బాణం 46 సెంటీమీటర్లు. ఢీకొన్నాక రెండో గోళీ 33 సెంటీమీటర్లు, ప–గ గీతకు ఒక వైపు 40 డిగ్రీల కోణంలో. కొట్టిన గోళీ 30 సెంటీమీటర్లు, మరో వైపు 46 డిగ్రీల కోణంలో. ఊరికే కూడితే 63. ముందు 46 ఉంటే తరువాత 63 ఎలా అయిందని కంగారుపడేది ఇక్కడే. బాణాలుగా కలిపితే 46 వస్తుంది, ప–గ దిశలోనే. ఈ పొరపాటు చేసినందుకు మీరు చిన్నబుచ్చుకోనక్కరలేదు. 1644లో ఫ్రెంచి తత్వవేత్త, గణితజ్ఞుడు దెకార్త్ అంతటివాడు కూడా చలనాన్ని దిశ లేని రాశిగా లెక్కగట్టి, అది ఎప్పటికీ మారదన్నాడు. దిశను కూడా లెక్కలోకి తెచ్చి ఢీకొనే సూత్రాలను సరిచేసింది 1668–69లో హైగెన్స్, వాలిస్, రెన్‌ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు.

సరిగా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

బాణాలు కలిపి చూసుకోవడం ఒక పరీక్ష. ఇంకో మూడు ఉన్నాయి, మూడూ తేలికే.

పక్క లెక్క. ప–గ గీతకు ప్రతి చుక్క నుంచి లంబం గీసి కొలవండి. మొదట్లో గోళీ తిన్నగా వచ్చింది, పక్కకు చలనమే లేదు. కాబట్టి తరువాత కూడా కుడివైపు పోయినదీ ఎడమవైపు పోయినదీ ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. పై ఉదాహరణలో ఒక వైపు 21.2, మరో వైపు 21.6 సెంటీమీటర్లు. న, క బిందువులలో న గీతకు కాస్త పక్కన ఉంటుంది కాబట్టి, రెండో గోళీ లంబంలోంచి ఆ సెంటీమీటరు తీసేయడం మరిచిపోకండి.

దిశ పరీక్ష. క నుంచి న గుండా స్కేలు పెట్టి గీత పొడిగించండి. రెండో గోళీ చుక్క ఆ గీత మీద, లేదా బాగా దగ్గర్లో ఉండాలి. గోళీ తాకిన చోటు నుంచి తన కేంద్రం మీదుగానే నెట్టబడుతుంది. అన్ని జతలూ ఈ గీతకు ఒకే పక్కన పడుతుంటే న గుర్తు తప్పు. దారం మళ్లీ వేలాడదీయండి.

కోణం పరీక్ష. సమాన ద్రవ్యరాశి ఉన్న గోళీలకు రెండు బాణాల మధ్య కోణం 90 డిగ్రీల కన్నా కాస్త తక్కువ వస్తుంది. పై ఉదాహరణలో 86. టక్‌మన్న చప్పుడుగా, వేడిగా కొంత గతిజశక్తి పోతుంది కాబట్టి ఆ తగ్గుదల. గతిజశక్తి, అంటే చలనం వల్ల ఉండే శక్తి, వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. పొడవుల వర్గాలు చూస్తే ముందు 2116, తరువాత 1089, 900 కలిపి 1989. గతిజశక్తి ఆరు శాతం పోయింది, ద్రవ్యవేగం పోలేదు. ఈ రెండూ వేరువేరు సంగతులని చూపడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, ప్రాజెక్టు పుస్తకంలో తప్పకుండా రాయండి. కోణం 90 దాటి 95, 100 వస్తే మాత్రం శక్తి ఎక్కడినుంచో పుట్టుకొచ్చినట్టు అవుతుంది. అది జరగదు, కొలతలోనే ఏదో తేడా ఉంది.

ఇంటి సామగ్రితో అయిదు శాతం లోపు తేడా వస్తే మంచి ఫలితం. పది దాటితే ఈ వరసలో వెతకండి.

- మొత్తం తక్కువ వస్తోందా? కొట్టిన గోళీ పుల్లను రాసుకుంటూ పోతోందేమో చూడండి. దెబ్బ తరువాత పుల్ల వణికితే అదే కారణం. పుల్లను ఇంకాస్త పక్కకు తిప్పండి.
- ఎక్కువ వస్తోందా? గోళీ ఎగిరి రెండోసారి పడ్డ చుక్కను కొలిచి ఉంటారు. మొదటి చుక్క ముదురుగా, దగ్గరగా ఉంటుంది. తరువాతివి దూరంగా, లేతగా ఉంటాయి.
- ఒక గోళీ సరిగ్గా, ఇంకొకటి ఎప్పుడూ తేడాగా ఉందా? తలల మట్టం చూడండి. తక్కువ ఎత్తున కూర్చున్న గోళీని పైనుంచి కొడితే అది కిందికి నొక్కుకుంటుంది, కొట్టినది పైకి లేస్తుంది. ఒకటి ముందుగా, ఇంకొకటి ఆలస్యంగా నేలను తాకుతాయి. చప్పుడు వినండి. రెండూ ఒకేసారి పడితే ఒక్కటే చప్పుడు వినిపించాలి.

ఒకటి మాత్రం చేయకండి. ముందు జవాబు లెక్కగట్టి, దానికి తగినట్టు కొలతలు దిద్దకండి. 46కు 44 వచ్చిందని రాసి, ఎందుకు తగ్గిందో రెండు వాక్యాలు రాసిన ప్రాజెక్టుకు నేను 46కు 46 వచ్చిందన్నదానికన్నా ఎక్కువ మార్కులు వేస్తాను. చార్టును చింపకుండా, చెదిరిన చుక్కలతో సహా జతచేయండి.

ఉక్కు గుండుతో

గాజు గోళీలతో కుదిరాక, అదే సైజు బేరింగ్ గుండు ఒకటి సంపాదించండి. మోటారు మెకానిక్‌ల దగ్గర పాత బేరింగుల్లో దొరకవచ్చు. 16 మిల్లీమీటర్ల గాజు గోళీ ఐదు గ్రాముల పైచిలుకు ఉంటే, అదే సైజు ఉక్కు గుండు 16, 17 గ్రాములు తూగుతుంది. ఎప్పుడూ ఉక్కుతో గాజును కొట్టండి. గాజుతో ఉక్కును కొడితే గాజు గోళీ వెనక్కి తుళ్లి పైపును తాకవచ్చు. గుండును ఒంటరిగా వదిలి ముందు బాణాన్ని మళ్లీ గీసుకోండి. ఢీకొన్నాక గాజు గోళీ పోయే దూరం, ఉక్కు గుండు ఒంటరిగా పడిన దూరం కన్నా ఎక్కువ కావచ్చు. బెదరకండి. దూరాన్ని ద్రవ్యరాశితో గుణించి, అప్పుడు కలపండి. చార్టుకు పక్కన ఇంకో చార్టు అతికించాల్సి వస్తుంది.

క్యారమ్ బోర్డే ఉంటే

మొదట అడిగిన ప్రశ్నకు వస్తే, బోర్డు మీద కూడా చేయవచ్చు, పక్క లెక్క మాత్రమే. బోర్డు మీద కాయిన్ ఆగేదాకా పోయిన దూరం వేగానికి కాదు, వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 36 సెంటీమీటర్లు పోయినదాని వేగం 9 సెంటీమీటర్లు పోయినదానికి రెట్టింపే, నాలుగింతలు కాదు. కాబట్టి ప్రతి దూరానికీ వర్గమూలం తీసి, ఆ పొడవుతో బాణం గీయాలి. స్ట్రైకర్ వద్దు. దాని పదార్థం వేరు కాబట్టి రాపిడి కూడా వేరు. కాయిన్‌తోనే కాయిన్‌ను కొట్టండి. పౌడరు సమంగా చల్లితే కొట్టిన కాయిన్ వచ్చిన దారి గీతలా కనిపిస్తుంది. ఆ గీతకు రెండు వైపులా లంబాలు సమానంగా వచ్చాయో చూడండి. బోర్డు అంచును తాకిన దెబ్బలను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అంచు తగలగానే బోర్డు కూడా నెట్టింది.